నాలుగో గాటు

“ఒక్క మాట అంటే ఏం పోతది వదినా? మాఫ్ చేసిన అను. గంతే.”

దుప్పటి అవతల ఉలుకూ పలుకూ లేదు.

అహ్మద్ అలీ ఆ మాట అడగడం పొద్దుటి నుంచి ఇది మూడోసారి. వదిన జమాల్ బీ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాడి కంట పడకూడదు, మరిది అయినా సరే. అందుకని ఆయన నడవాలో మంచం మీద కూర్చుని, లోపలి గదికి పరదాగా కట్టిన పాత దుప్పటితో మాట్లాడుతున్నాడు. కొత్తవాళ్ళెవరైనా చూస్తే ఈయనకు దుప్పటితో ఏదో తగాదా ఉందనుకుంటారు.

“సోమవారం నలభయ్యో దినం ఫాతిహా. ఇయ్యాల గురువారం. ఊర్లె చెప్పి రావాలె, వంటోన్ని పిలువాలె. గా నాడు జనాజా లేపేటప్పుడు నువ్వు నోరు తెరువకపోతివి. నువ్వు తెరువనిది ఊరంత ఇన్నది.”

అది నిజమే. శవాన్ని లేపే ముందు భార్యను పిలిచి, ఆయన మీద నీకున్న హక్కులన్నీ మాఫ్ చేశావా అని అడుగుతారు. బతికుండగా మొగుణ్ణి దుమ్మెత్తిపోసిన ఆడది కూడా ఆ ఒక్క క్షణం ఏడుస్తూ తల ఊపుతుంది. జమాల్ బీ ఏడవలేదు, తలా ఊపలేదు. మోసేవాళ్ళు భుజాలు మార్చుకుంటూ కాసేపు చూశారు. చివరికి ఖాజీగారే గొంతు సవరించుకుని, లేపండి అన్నాడు.

“ఫాతిహా ఎవరు చదివిచ్చుకుంటరో చదివిచ్చుకోండ్రి,” అంది జమాల్ బీ ఉన్నట్టుండి. “ఈ ఇంట్ల ఊదు ముట్టియ్యను.”

“అన్న రూహ్‌కు శాంతి వద్దా?”

“నాకు వద్దా శాంతి? ముప్పయ్యేండ్లు కాపురం చేసిన. మందుల పెట్టె తెచ్చేది సోమవారం. గురువారం ఏం తెచ్చిండు నీ అన్న? ఒట్టి చేతులతోని పొద్దుగాల పోయి మాపటికి వచ్చె. ఏడికి పోయినవ్ అంటే హయత్‌నగర్ అనె. ఏం పనంటే పని ఉన్నదనె.”

“పని ఉంటదమ్మా మొగోనికి.”

“మెత్త ఎందుకు మరి? మందుల పెట్టెకు మెత్త కావాల్నా? సీసాలు కూసుంటయా మెత్త మీద?”

అహ్మద్ అలీ గడప వైపు చూశాడు. అక్కడ అన్సార్ కూర్చుని ఉన్నాడు. పోయినాయన అన్సార్ తండ్రి, మక్బూల్. ఆ మెత్త ఆయన మోటారు సైకిలు, ఫట్‌ఫటీ, వెనక సీటుకు కట్టేది. పశువుల కొట్టంలో గడ్డి కింద దాచిపెట్టి ఉండగా జమాల్ బీ చేతికి చిక్కింది. ఆ రోజు జరిగిన గొడవకు పక్కింటి కోళ్ళు కూడా గోడ దిగలేదు. తర్వాత పదిహేను రోజులు ఆలుమగలు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. పదహారో రోజు, గురువారం పొద్దున, మక్బూల్ ఫట్‌ఫటీని వాకిట్లోకి దించి, మూత తీసి పెట్రోల్ చూసుకుని, మూత బిగించి, అట్లాగే ఒరిగిపోయాడు. గుండె అన్నారు.

అన్సార్ చేతిలో జానెడు వెదురు పుల్ల ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

మక్బూల్‌కు అక్షరం ముక్క రాదు. ఒకప్పటి నవాబుగారు తన షికారు బండి పాతబడితే ఆయనకు ఇచ్చేశాడు. దాని మీద హయత్‌నగర్ దవాఖాన నుంచి మందుల పెట్టెలు తెచ్చి తాలూకా ఊళ్ళకు పంచేవాడు. ప్రపంచ లడాయి ముగిసి ఏడాది కావస్తున్నా పెట్రోలుకు రేషన్ చిట్టీ బాధ తప్పలేదు. అందుకని ఈ పుల్ల. టాంకీలో ముంచి చూస్తే ఎంత తడి ఉందో తెలుస్తుంది. కిందినుంచి మొదటి గాటు దాకా తడిస్తే హయత్‌నగర్ పోయి రావచ్చు. రెండో గాటుకు నాదర్‌గుల్. పై గాటుకు పట్నం. పోనూ రానూ కలిపి ఒక్కో గాటు. చేతివేళ్ళ మీది లెక్క, ఎన్నడూ తప్పలేదు.

ఇప్పుడు పుల్ల మీద నాలుగు గాట్లున్నాయి. నాలుగోది కొత్తది, నాదర్‌గుల్ గాటుకు పైన, పట్నం గాటుకు కింద. వెదురు ఇంకా తెల్లగా కనపడుతోంది. వారం కిందట దాన్ని చూసి తల్లికి చెప్పడం అన్సార్ చేసిన బుద్ధితక్కువ పని. అప్పటి నుంచీ ఆ గాటు ఇంట్లో మనిషిలా కూర్చుంది.

“హయత్‌నగర్ పోతున్న అంటివి,” అంది జమాల్ బీ, మొగుడు ఎదురుగా ఉన్నట్టే. “హయత్‌నగర్ గాటు చాలలేదా నీకు? అది దాటి ఎవరింటికి పోతివి? నాలుగో గాటు ఏడికి పోతదో ఎవరన్న చెప్పండ్రి. అప్పుడు మాఫ్ చేస్త. ఎవరైనా సరే, ఎసుంటిదైనా సరే, మాఫ్ చేస్త. తెలువకుంట మాత్రం చెయ్యను.”

“నేను పోయి చూసొస్త,” అన్నాడు అన్సార్.

అహ్మద్ అలీ దిగ్గున లేచాడు. “ఏం అవసరం లేదు! చచ్చిపోయినోని గుట్టు తవ్వుతరా? నువ్వు తాలూకా కచేరిల చప్రాసీవి. మర్యాదగల్ల నౌకరి. నలుగురు నవ్వరా?”

చాచాకు ఇంత తొందర ఎందుకు, అనుకున్నాడు అన్సార్. ఈయనకు తెలుసా? తెలిసే దాస్తున్నాడా? ఈ ముప్పై ఆరు రోజుల్లో అన్సార్‌కు పట్టిన జబ్బు ఇది. ఎవరు మాట్లాడినా ఆ మాట వెనకాల ఇంకేదో ఉందనిపిస్తుంది. ఎవరూ మాట్లాడకపోతే ఇంకా ఎక్కువ అనిపిస్తుంది.

“టాంకీల పెట్రోల్ అట్లనే ఉన్నది చాచా,” అన్నాడు. “గా నాడు అబ్బా చూసుకున్నడు గదా. పుల్ల ముంచి చూసిన. సరిగ్గ నాలుగో గాటుకు ఉన్నది.”

చనిపోయిన మనిషి వెళ్ళవలసిన పయనం ఆ టాంకీలో ముప్పై ఆరు రోజులుగా అలాగే ఉంది.

వంటగదిలో దగ్గు వినిపించింది.

“పొయ్యి జర ఊదవే మాసూమా,” అంది జమాల్ బీ. “ఇల్లంత పొగ చేస్తున్నవ్.”

“ఊదుతున్న అత్తమ్మా,” అంది అన్సార్ భార్య. పెళ్ళై రెండేళ్ళు. మాట తక్కువ, కుట్టుపని బాగా వచ్చు. గురువారం గురువారం ఊరి చివర ఉన్న చిన్నమ్మ ఇంటికి జాకెట్లు కుట్టడానికి పోయేది. మామ పోయినప్పటి నుంచి అదీ మానేసింది.

అన్సార్ తండ్రి కోటు తొడుక్కుని వాకిట్లోకి వచ్చేసరికి మాసూమా ఫట్‌ఫటీ దగ్గర వంగి ఉంది. జమాల్ బీ బయట పారేసిన మెత్తను తెచ్చి వెనక సీటుకు కడుతోంది. తాడు రెండు చుట్లు తిప్పి, కింది నుంచి లాగి, ఒక్క ముడిలో బిగించేసింది.

“అదెందుకు?”

“ఉండనీ. రాళ్ళ బాట, సీటు లటలట కొట్టుకుంటది.” తల ఎత్తలేదు. “జర నిమ్మళంగ పో. చింతచెట్ల మలుపు కాడ ఇసుక ఉంటది.”

అన్సార్ తలూపి కిక్కు కొట్టాడు. నాలుగో దెబ్బకు ఫట్‌ఫటీ దగ్గి, ఉమ్మి, లేచింది. ఆ చప్పుడుకు ఇంటి లోపల ఏదో గిన్నె కింద పడింది. తల్లి చేతిలోంచే పడి ఉంటుంది. ముప్పై ఆరు రోజుల తర్వాత ఆ ఇంట్లో మక్బూల్ గొంతు విన్నట్టయింది.

ఇబ్రహీంపట్నం దాటడం కష్టమైంది. చప్పుడు ముందు పోతుంది, మనిషి వెనక వస్తాడు. కచేరి ముందు కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. చెరువు కట్ట మీద బట్టలుతికే ఆడవాళ్ళు చేతులు ఆపి చూశారు. కోటు అదే, బండి అదే, మొహం మాత్రం వేరు. ఒక ముసలమ్మ చూసీచూడగానే కొంగు నోట్లో కుక్కుకుంది.

ఊరి చివర మాసూమా చిన్నమ్మ ఇల్లు. ఫట్‌ఫటీ చప్పుడు వినగానే ఆమె తలుపు తీసుకుని గబగబా బయటికొచ్చింది, అలవాటుగా వచ్చేదానిలా. అన్సార్‌ను చూసింది. ఆగింది. మళ్ళీ లోపలికి పోయి తలుపు వేసుకుంది.

చిన్నమ్మ మొగుడు పోయి ఆరేళ్ళు. ఇంకా నలభై దాటలేదు. ఇల్లు హయత్‌నగర్ బాట మొదట్లోనే. ఛీ, అనుకున్నాడు. ఛీ అనుకున్నంత మాత్రాన అనుమానం పోతుందా? వెనక సీటు మీద మెత్తలా అది కూడా ఎక్కి కూర్చుంది.

అతను ఇంత దూరం ఒంటరిగా బండి నడపడం ఇదే మొదలు. తండ్రి చెరువు కట్ట దాకా నేర్పించాడు, అంతకుమించి పోనీయలేదు. ఆ నేర్పడం కూడా మొన్న రంజాన్‌కు ముందు ఆగిపోయింది. ఆ రోజు ఇద్దరూ కొట్టంలో కూర్చుని బండి తుడుస్తున్నారు. అన్సార్ డబ్బా నుంచి టాంకీలోకి పెట్రోల్ వంచుతున్నాడు. తండ్రి ప్లగ్గు గీకుతూ, ఏమీ లేనట్టు అడిగాడు.

“మన బీబీకి వచ్చిన రోగం మళ్ళ ఈ ఇంట్ల ఎవరికన్న వస్తే ఏం చేస్తవ్ రా?”

బీబీ అన్సార్ అక్క. ఎనిమిదేళ్ళ కిందట క్షయతో పోయింది. ఆమె చాప, పళ్ళెం, బట్టలు అన్నీ జమాల్ బీ తన చేతులతో వాకిట్లో కాల్చింది. ఆ పొగ ఇప్పటికీ అన్సార్ ముక్కులో ఉంది.

“ఇంట్ల ఉంచుకుంటమా? ఎవరైతే మాత్రం ఏంది, బయటికి పంపుడే,” అన్నాడు. అంటూ తండ్రి వైపు తిరిగేసరికి గ్లాసెడు పెట్రోల్ నేలపాలైంది.

మక్బూల్ ఆ తడిని చాలాసేపు చూశాడు. “అట్లనా,” అన్నాడు. తర్వాత కొడుకును బండి ముట్టనీయలేదు, మాటలు కూడా తగ్గించేశాడు. చిట్టీ మీద తెచ్చిన పెట్రోల్ ఒలకబోశానని కోపం అనుకున్నాడు అన్సార్. ఒక్క గ్లాసుకు ఇంత కోపమా అని తనూ బిగుసుకున్నాడు. తండ్రీకొడుకుల బిగింపు తండ్రి పోయేదాకా సడలలేదు.

అది గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఇంట్లో ఇన్ని రోజులుగా అందరికీ అనుమానమే సరిపోయింది, ఏడవడానికి చోటు లేకపోయింది. ఈ బాట మీద ఎవరూ లేరు. ఫట్‌ఫటీ మోతలో ఎవరి ఏడుపు వాళ్ళకే వినపడదు. అన్సార్ నోరు తెరిచి, చిన్నపిల్లవాడిలా, “అబ్బా” అని అరుస్తూ ఏడ్చాడు. గాలికి కన్నీళ్ళు చెవుల్లోకి పోయాయి.

ఆ ఏడుపులో ముందు చూసుకోలేదు. చింతచెట్ల మలుపులో ముందు చక్రం ఇసుకలో జారింది. కాళ్ళు రెండూ నేలకు ఆనించి ఎట్లాగో నిలబెట్టాడు. చెప్పు తెగింది, మడమ చెక్కుకుపోయింది.

ఇసుక ఉంటుందని మాసూమా చెప్పనే చెప్పింది.

దానికెట్లా తెలుసు? ఆమె పుట్టిల్లు దక్షిణాన, యాచారం వైపు. ఈ బాటన ఆమెకు చుట్టాలు లేరు, పనీ లేదు. అబ్బా అన్నం తింటూ చెప్పి ఉంటాడులే, అనుకున్నాడు. కానీ అబ్బా అన్నం తింటూ ఎన్నడు మాట్లాడాడు?

హయత్‌నగర్ వచ్చింది. అన్సార్ అక్కడ ఆగలేదు. ఆగి ఏం లాభం? గాటు హయత్‌నగర్‌ది కాదు. ఊరు దాటి సూర్యాపేట బాట పట్టాడు. కనపడిన ప్రతి ఇంటినీ చూశాడు. ముగ్గు వేసిన వాకిలి ఏదైనా, గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషి ఎవరైనా, ఇదేనా అనిపించింది. ఒకామె బియ్యం చెరుగుతూ తనను చూసి నవ్వింది. ఎందుకు నవ్వింది? అర మైలు పోయాక గాని తెలియలేదు, మొహమంతా దుమ్ము, దాని మీద ఏడుపు చారలు. ఎవరికైనా నవ్వొస్తుంది.

పుల్ల మీద నాలుగో గాటుకు సగంలో బొగ్గుతో గీత గీసుకున్నాడు. ఆగి ఆగి టాంకీలో ముంచి చూశాడు. పెట్రోల్ ఆ గీతకు దిగిన చోట బండి ఆపాడు. తండ్రి వెనక్కి తిరగవలసిన చోటు ఇదే.

అక్కడ ఏమీ లేదు.

ఇల్లు లేదు, గుడిసె లేదు, దర్గా లేదు. బాటకు రెండు వైపులా తాటిచెట్లు, రాళ్ళు, ఎండిన పల్లేరు. అన్సార్ బండి దిగి నాలుగు వైపులా తిరిగి చూశాడు. ముప్పయ్యేళ్ళ కాపురం ఈ పల్లేరు కోసం చెడగొట్టుకున్నాడా ఆయన?

“ఎవలు గాడ?”

గొంతు ఆకాశం నుంచి వచ్చింది. తాటిచెట్టు మీద కల్లు గీసే గౌండ్లాయన ఒకడు నడుముకు చుట్టిన మోకుకు ఆని, కల్లు లొట్టి సర్దుకుంటూ కిందికి చూస్తున్నాడు.

“ఈ బండి ఎప్పుడన్న ఈడికొచ్చిందా అన్నా?” అన్నాడు అన్సార్. “గురువారం గురువారం.”

“నేను కాశయ్యను. ఇరవయ్యేండ్ల సంది ఈ చెట్లె ఎక్కుతున్న. ఈ బాట మీద కుక్క పోయినా నాకు తెలుస్తది. గిసుంటి బండి ఎన్నడు రాలే.”

“ఒక్కసారి కూడ?”

“రాలేదంటి గదా! అబద్ధమాడితే నాకేం వస్తది?” కాశయ్య మోకు ఒక జానెడు దించుకుని తేరిపార చూశాడు. “నీ మీదనే నాకు అనుమానంగున్నది. మెత్త కట్టుకొని ఒక్కనివే తిరుగుతున్నవేంది? కూసునే మనిషిని ఏడ దించినవ్?”

అన్సార్ వెనక్కి తిరిగి మెత్తను చూశాడు.

కూర్చునే మనిషి. తను ఒక్కడే వచ్చాడు. తండ్రి ఒక్కడే పోలేదు. ఇద్దరు ఎక్కితే బండి ఎక్కువ తాగుతుంది. మక్బూల్ చేతి లెక్క ఎన్నడూ తప్పలేదు. ఇద్దరి బరువుకు కొత్త గాటు పెట్టుకున్నాడు, అంతే. ఆయన హయత్‌నగర్ దాటనే లేదు. ఇంట్లో చెప్పినది అక్షరాలా నిజం.

తండ్రి అబద్ధమాడలేదని తెలిసి ఒక్క క్షణం గుండె తేలికపడింది. మరుక్షణం అంతకు రెండింతలు బరువెక్కింది. వెనకాల ఎవరో ఉన్నారన్నది ఇప్పుడు అనుమానం కాదు.

బండి వెనక్కి తిప్పాడు. హయత్‌నగర్‌లో తండ్రి పోయేచోటు అన్సార్‌కు తెలిసినది ఒక్కటే, దవాఖాన. రెండు గదులు, ముందు రేకుల పంచ. బండి పంచ ముందు ఆగీఆగకముందే లోపలి నుంచి కేక వినపడింది.

“ఆరు గురువారాలు! మనిషిని చంపుదామనుకున్నవా మక్బూలన్నా!”

తెల్లచీర కట్టుకున్న నడివయసు ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సోమవారాల్లో మందుల పెట్టె ఇచ్చే నర్సమ్మ మరియ ఈమేనని అన్సార్ విని ఉన్నాడు. ఆమె కోటును చూసింది, మొహాన్ని చూసింది, ఖాళీ మెత్తను చూసింది.

“అన్న ఏడి?”

“పోయిండు. ముప్పై ఆరు దినాలైంది. నేను కొడుకును.”

మరియ మెట్టు మీద కూలబడింది. సోమవారం పెట్టెకు వేరేవాడు వస్తే మక్బూల్‌కు జ్వరమేమో అనుకున్నానని మెల్లగా గొణిగింది. తర్వాత తల ఎత్తింది. “మరి బిడ్డ ఎట్లున్నది?”

“ఏ బిడ్డ?”

“ఆయన బిడ్డ. బీబీ.”

“మా అక్క చచ్చిపోయి ఎనిమిదేండ్లాయె.”

ఈసారి మరియ కళ్ళలో అనుమానం కదిలింది. లేచి రెండడుగులు వెనక్కి వేసింది. “నువ్వు కొడుకువని నాకేం నమ్మకం? బీబీ, మక్బూల్ బిడ్డ అని నేనే రాసిన. ఆయనే చెప్పిండు. ఎవ్వరికి చెప్పొద్దని సిలువ మీద ఒట్టు కూడ పెట్టించుకున్నడు.”

అన్సార్ కోటు జేబులోంచి వెదురు పుల్ల తీసి చూపించాడు. మరియ దాన్ని చేతిలోకి తీసుకుంది. కొత్త గాటు మీద వేలు పెట్టి ఆగింది.

“ఇది ఇక్కడనే పెట్టిండు. ఈ మెట్టు మీద కూసోని. బిడ్డ ఎక్కింది, బండి బరువైంది అని నవ్విండు.” పుల్లను తిరిగి ఇచ్చింది. “వారానికొక సూది తమ్మీ. రొమ్ముల రోగం, క్షయ. సగం మానింది. ఇట్ల ఇడిచిపెడితే మళ్ళ మొదటికొస్తది.”

“ఎట్లుంటది ఆమె?”

“సన్నగుంటది. మాట్లాడదు. లోపలికొచ్చినంకనే బుర్ఖా తీస్తది. ఈ మెత్త ఆమె కుట్టిందే.” మరియ కాస్త ఆగి, చెప్పవచ్చా చెప్పకూడదా అన్నట్టు అన్సార్‌ను చూసింది. “ఇంట్ల దగ్గు వస్తే పొయ్యి పొగ అని చెప్తదంట. అందరు నమ్ముతరంట. గా మాట చెప్పి ఒక్కసారి నవ్వింది నాతోని.”

అన్సార్ ముడి విప్పి మెత్తను చేతిలోకి తీసుకున్నాడు. అంచు వెంట సన్నని కుట్టు, దూరం దూరంగా కాకుండా చీమల బారులా. తన చొక్కా కాలరు మీద ఉన్నదీ అదే కుట్టు. ఒక్క ముడిలో బిగిసిన తాడు. చింతచెట్ల మలుపులో ఇసుక. గురువారం గురువారం చిన్నమ్మ ఇల్లు. పాపం చిన్నమ్మ! ఆమె తలుపు వెనక ఎంత భయపడి ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

ఇంకొకటి కూడా తెలిసింది. అది చిన్నమ్మ గురించి కాదు.

ఒలికిన గ్లాసెడు పెట్రోలుకు తండ్రి కోపగించుకోలేదు. ఆయన ఒక ప్రశ్న అడిగాడు, కొడుకు జవాబు చెప్పాడు. ఆ జవాబు విన్నాకే కోడలికి చచ్చిపోయిన కూతురి పేరు పెట్టి, తన వెనకాల ఎక్కించుకుని, కొడుకు నుంచి దాచిపెట్టాడు. భార్య నోటికొచ్చినట్టు తిట్టినా తల వంచుకున్నాడు. మాఫీ లేకుండా మట్టిలోకి పోయాడు.

“రేపే తీస్కరా,” అంది మరియ. “రేపంటే రేపు. ఇంకో వారం ఆగితే నా చేతుల ఉండదు.”

అతను తలూపాడో లేదో అతనికే తెలియదు.

ఇబ్రహీంపట్నం చేరేసరికి ఎండ వాలింది. అహ్మద్ అలీ నడవాలో అదే మంచం మీద ఉన్నాడు. ఊరికి చెప్పడానికి పోలేదు, పోలేక ఆగిపోయాడు. మాసూమా వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. లోపల పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది. బూడిదలో పిల్లి ముడుచుకుని పడుకుంది.

మాసూమా మొగుడి మొహం చూడలేదు. వాకిట్లో ఆగిన ఫట్‌ఫటీని, దాని మీది మెత్తను చూసింది. ముడి విప్పి మళ్ళీ కట్టినట్టుంది. కట్టడం చేతకాని చేతులు దాన్ని విప్పి చూశాయని ఆమెకు తెలిసింది. తలుపు చెక్కను పట్టుకుంది.

“వచ్చినవా?” అంది జమాల్ బీ దుప్పటి అవతల నుంచి. “దొరికిందా నాలుగో గాటు?”

“దొరికింది.”

అహ్మద్ అలీ కళ్ళు మూసుకున్నాడు.

“ఎవరామె?”

అన్సార్ బాట పొడుగునా ఒక అబద్ధం తయారుచేసుకున్నాడు. అక్కడ ఏం లేదమ్మా, తాటిచెట్లు రాళ్ళు తప్ప, అని. సగం నిజం కూడా అదే. కానీ ఆ మాట చెబితే తల్లి నమ్మదు, తండ్రికి మాఫీ రాదు. నిజం చెబితే మాఫీ వస్తుంది. తర్వాత ఈ వాకిట్లో మళ్ళీ ఒక చాప, ఒక పళ్ళెం, కొన్ని బట్టలు కాలతాయి. ఎవరైతే మాత్రం ఏంది, బయటికి పంపుడే అన్న నోరు తనదే కదా. ఇప్పుడు ఏ నోటితో వద్దంటాడు?

“ముందుగాల మాఫ్ చేసిన అను అమ్మా,” అన్నాడు. “తర్వాత చెప్త.”

“ముందు చెప్పు.”

“అబ్బా తప్పు చెయ్యలే. నా మాట నమ్ము.”

“తప్పు చెయ్యనోడు నాకెందుకు చెప్పలే?”

“నీకు చెప్తే ఏం చేస్తవో ఆయనకు తెలుసు.”

దుప్పటి అంచును లోపలి నుంచి ఒక చెయ్యి పట్టుకుంది. జమాల్ బీ ఏదో లెక్క కూడుతున్నట్టుంది.

“నేను ఏం చేస్త?” అంది ఆమె మెల్లగా. “ఏం చేస్తనని భయపడ్డడు?”

మాసూమా పెదవులు కదిలాయి. ఏదో చెప్పడానికే నోరు తెరిచింది. మాట రాలేదు, దగ్గు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపుకోవాలని గుంజ పట్టుకుంది. ఆపుకున్నకొద్దీ లోపలి నుంచి తవ్వుకుని వచ్చింది.

“పొగ...” అంది ఊపిరి తిరిగాక. అలవాటైన మాట, దానంతట అదే నోట్లోంచి వచ్చేసింది. “పొగ, అత్తమ్మా.”

అన్సార్ కళ్ళు వాల్చేశాడు.

“మాసూమా,” అంది జమాల్ బీ. గొంతులో కోపం లేదు. అందుకే అన్సార్‌కు భయం వేసింది. “పొయ్యిల పిల్లి పండుకున్నది. పొగ యాడికెళ్ళి వచ్చె బిడ్డా?”

దుప్పటి పక్కకు జరిగింది. అహ్మద్ అలీ గబుక్కున గోడ వైపు తిరిగిపోయాడు. జమాల్ బీ నడవాలోకి వచ్చింది. మరిది ఉన్నాడన్న ధ్యాస లేదు, తల మీద కొంగు లేదు. కొడుకు వైపు చూడనైనా చూడకుండా అతన్ని దాటిపోయింది. పోయి కోడలి ఎదురుగా నిలబడింది.

“మూతి మీది కొంగు తియ్యి,” అంది.